నలభై ఎనిమిదంటే ఒక్క రోజేనా వదినా?

ఏం వదినా, మిరపనారుకు నీళ్ళు పెట్టావా? ఒక్క నిమిషం గోడ దగ్గరికి రా. మీ మనవణ్ణి అడిగా, సెప్టెంబరు 17న ఏం జరిగిందిరా అని. "నిజాం లొంగిపోయాడు" అన్నాడు. తప్పేం కాదు. కానీ ఆ 1948 ఏడాది పొడుగునా మన ఊళ్ళు పడ్డ పాట్లు పిల్లలకు ఎవరు చెప్తారు?

అప్పటికి ఖమ్మం జిల్లా లేదు, అది 1953లో వచ్చింది. మనది వరంగల్ జిల్లా, మధిర తాలూకా. ఆమడ నడిస్తే మద్రాసు వాళ్ళ కృష్ణా జిల్లా. ఆ హద్దులూ ఎంత చిత్రమో! చుట్టూ నిజాం నేలే అయినా మునగాల మద్రాసుది. కృష్ణా జిల్లా నడుమ ఉన్నా పరిటాల నిజాంది. పరిటాల వాళ్ళు ఊరుకున్నారా? మాది స్వతంత్ర రిపబ్లిక్ అని చాటి, మాదిరాజు కొండలరావు గారిని అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. ఎంత గుండె కావాలి!

నిజాం పక్షాన ఊళ్ళ మీద పడే రజాకార్లు వస్తున్నారంటే మనవాళ్ళకు ఆ హద్దే దిక్కు. మా అత్తగారికి అప్పుడు పదేళ్ళట. చీకట్లో పొలాలకు అడ్డంపడి జగ్గయ్యపేట చేరి, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో నెలల తరబడి తిన్నారు. ఆ ఇంటావిణ్ణి తలుచుకోకుండా ఒక్క పండగా చేసేది కాదు మా అత్త.

ఆగస్టు మరీ ఘోరం. రజాకార్లది తప్పని రాసినందుకు 'ఇమ్రోజ్' పత్రిక నడిపే షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు నడివీధిలో చంపారు. చెయ్యి కూడా నరికారు వదినా! ఆయన పేరు పిల్లలకు ముందు చెప్పాలంటాను. వారం తిరక్కుండానే, 27న, బైరాన్‌పల్లి ఊరి మీద పడ్డారు. బురుజెక్కి ఊరు కాపాడుకున్న వాళ్ళను, తొంభై మందికి పైగా, పొట్టన పెట్టుకున్నారు.

సెప్టెంబరు 13న అటు షోలాపూర్ నుంచీ ఇటు బెజవాడ నుంచీ భారత సైన్యం కదిలింది. అయిదు రోజుల్లో అయిపోయింది. నిజాం రేడియోలో మాట్లాడాడు, ఆ సైన్యం జనరల్ చౌదరి మిలిటరీ గవర్నరై కూర్చున్నాడు.

జనం కష్టం తీరిందా అంటే, ఎక్కడ? దొరల భూములు పంచిన కమ్యూనిస్టు దళాల మీదికి అదే సైన్యం తిరిగింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా పల్లెలకు నిద్ర లేదు. అటు మరాఠ్వాడా వైపు ఏ పాపం ఎరగని ముస్లింలను ఊళ్ళకు ఊళ్ళే చంపారు. ఢిల్లీ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ వెళ్ళి చూసి రాసిస్తే, ఆ కాగితాలను ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. రజాకార్ల సంగతి చెప్పే నోటితోనే ఇదీ చెప్పాలి. ఏడ్చిన తల్లులు రెండు వైపులా ఉన్నారు.

అన్నట్టు, మీ పుట్టింటి పెద్దనాన్న ఇంకా మాట్లాడుతున్నాడన్నావుగా? దసరాకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని, ఆ ఏడాది ఎవరింట్లో తలదాచుకున్నారో, ఏ దారిన వెళ్ళారో, ఎవరు తిరిగి రాలేదో అన్నీ అడుగు. మనవణ్ణి ఫోన్లో రికార్డు చెయ్యమను. ఆయన గొంతు సన్నం, ఫోను దగ్గరగా పెట్టమని చెప్పు.