మంచు కురిసే చోట మట్టి ధర

జపాను దేశం పేరు చెప్పగానే మన చదువరులకు టోక్యో, హిరోషిమా, బులెట్ రైలు గుర్తుకు వస్తాయి. ఆ దేశానికి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిని గురించి మన పత్రికలలో వ్రాసేవారు అరుదు. విస్తీర్ణంలో అది మన తెలంగాణ రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులు ఉంటుంది. జనం మాత్రం సుమారు 50 లక్షలే. ఆ దీవిలో నిసెకో అనే కొండ ప్రాంతం ఒకటి కలదు. ముప్పది ఏళ్ళ క్రితం అక్కడ పండేది బంగాళాదుంప, కురిసేది మంచు. నేడు అదే నేలను హాంకాంగు, సింగపూరు, ఆస్ట్రేలియా, మలేషియా దేశాలవారు పోటీపడి కొంటున్నారు. సందర్శకులు వచ్చినంత మాత్రాన నేల ధర ఎట్లా పెరుగుతుంది, పెరిగితే ఆ ఊరివారికి ఏమవుతుంది అన్నది కళ్ళారా చూడాలంటే ఇంతకంటే మంచి చోటు మరొకటి లేదు.

మేమిద్దరము ఫిబ్రవరి మాసంలో అక్కడికి వెళ్ళాము. సప్పొరో నగరం నుండి రైలెక్కి ఒటారులో మారాలి. ఒటారు వరకు పట్టాల ప్రక్కనే సముద్రం ఉంటుంది. తరువాత రైలు కొండలలోకి మళ్ళుతుంది. ఒకటే పెట్టె, డీజిలు బండి, నిలబడడానికి కూడ చోటు లేదు. సామానులో సగం స్కీయింగ్ పలకలే. మా ప్రక్కన నిలబడిన ముసలావిడ చేతిలో క్యాబేజీ ఉన్న సంచీ తప్ప ఏమీ లేదు. ఆ బండిలో ఆ ఊరి మనిషి ఆమె ఒక్కతేనేమో అనిపించింది. ఈ రైలు మార్గాన్ని కూడ ఎత్తివేసి బస్సులు నడపాలని 2022లో నిర్ణయమైంది. దాని బదులు రావలసిన బులెట్ రైలు 2030 నాటికి వస్తుందన్నారు. ఇప్పుడు 2038 దాకా ఆగవలసి ఉంటుందంటున్నారు. రైలు రాకముందే స్టేషను చుట్టుప్రక్కల నేల ధర పెరగడం మన అమరావతి ప్రాంతంవారికి కొత్త సంగతి కాదు!

కుచ్చాన్ స్టేషనులో దిగి చూస్తే ఎదురుగా యోటెయి కొండ. 1,898 మీటర్ల ఎత్తు. ఫుజీ పర్వతం ఆకారంలోనే ఉంటుంది గనుక ఎజో ఫుజీ అని కూడ పిలుస్తారు. ఇండ్ల పైకప్పులు మంచు క్రింద కనిపించవు. చలికాలంలో సైబీరియా నుండి వచ్చే చల్లగాలి జపాను సముద్రం మీదుగా వస్తూ తేమను పీల్చుకొని, ఎదురైన మొదటి కొండల మీద దానిని మంచుగా కుమ్మరిస్తుంది. ఒక్క చలికాలంలో కురిసే మంచునంతా కలిపి లెక్కకడితే సుమారు 15 మీటర్లు. అదికూడ తడి మంచు కాదు. చేతిలోకి తీసుకొని ఊదితే బియ్యప్పిండిలాగ ఎగిరిపోతుంది. ఈ పొడిమంచు కోసమే లోకం నలుమూలల నుండి జనం వస్తారు.

కథ ఎట్లా మొదలయిందో చెప్పాలి. హిరాఫు అనే పల్లెలో కొండెక్కించే మొదటి లిఫ్టు 1961లో వచ్చింది. ప్రక్క ఊరు అసలు పేరు కరిబుతో. 1964లో ఆ పేరు తీసివేసి కొండ పేరే నిసెకో అని ఊరికి పెట్టుకున్నారు. సందర్శకులు గుర్తుపట్టే పేరు కావాలి గదా! 1980 దశకం చివర జపానులో నేల ధరలు ఆకాశాన్నంటాయి. 1990 దశకంలో అవి కూలిపోయాయి. జపాను యువకులలో స్కీయింగ్ మోజు కూడ తగ్గింది. చిన్న చిన్న బసలు నడిపేవారు ముసలివారై, అమ్ముదామంటే కొనేవారు లేక దిగులుపడ్డారు. సరిగ్గా అప్పుడు ఆస్ట్రేలియావారు వచ్చారు. వారికి జనవరి బడి సెలవుల కాలం, జపానుతో గడియారపు తేడా కూడ ఎక్కువ లేదు. 2001 సెప్టెంబరు తరువాత చాలామంది అమెరికా ప్రయాణం మానుకొని ఇటు మళ్ళారు. మంచు చూడ వచ్చినవారు నేల ధర అడిగారు. సిడ్నీలో ఒక గది ధరకు ఇక్కడ ఇల్లు వస్తుందని తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జపానులో విదేశీయుడు నేల కొనడానికి అడ్డు లేదు. పట్టా పూర్తిగా అతని పేరనే ఉంటుంది, వారసులకు పోతుంది. థాయిలాండులో గాని మరికొన్ని ఆసియా దేశాలలో గాని ఇది కుదరదు. అయితే ఇల్లు కొన్నంత మాత్రాన నివాస వీసా రాదు. సైనిక స్థావరాల వంటి ముఖ్య స్థలాల చుట్టూ ఉన్న నేలపై నిఘా ఉంచే చట్టం 2021లో చేశారు. అదికూడ కొనవద్దని చెప్పే చట్టం కాదు.

కనుక ఒకరి వెనుక ఒకరు వచ్చారు. 2007లో హాంకాంగు సంస్థ, 2010లో మలేషియా సంస్థ కొండవాలులను, హోటళ్ళను కొన్నాయి. 2019 సర్కారువారి నేల ధరల లెక్కలో దేశమంతటిలోకి ఎక్కువగా పెరిగినది ఈ కుచ్చాన్ పట్టణపు నేలే. నివాస స్థలం ఒక్క ఏడాదిలో 50 శాతం, వ్యాపార స్థలం 58.8 శాతం. మరుసటి సంవత్సరం కరోనా వచ్చింది. 2019లో జపానుకు వచ్చిన విదేశీయులు 3 కోట్ల 18 లక్షలు, 2021లో రెండున్నర లక్షలు. హిరాఫు వీధులు ఖాళీ. అయినా 2020లోనే అక్కడ రెండు పెద్ద విలాస హోటళ్ళు తెరిచారు, నేల ధర పెరగడం ఆగలేదు. సరిహద్దులు తెరిచిన తరువాత డాలరుకు యెన్ విలువ పడిపోవడం కొనేవారికి మరింత కలిసివచ్చింది. 2012 ప్రాంతంలో ఒక డాలరుకు 80 యెన్‌లు. 2024 నడుమ 160. డాలర్లు చేతపట్టుకొని వచ్చినవారికి జపానంతా సగం ధరకే దొరికినట్లు. ఆ సంవత్సరమే సందర్శకులు 3 కోట్ల 68 లక్షలు దాటారు. అదే 2024లో నివాస స్థలాల ధర దేశంలో ఎక్కువగా పెరిగిన చోటు, హొక్కైడోలోనే మరో మంచు ఊరైన ఫురానో.

లెక్క ఎట్లా నడుస్తుందో చెప్తాము. ఇంట్లో కాపురం ఉండేవాడు నెల జీతాన్ని బట్టి ధర చెల్లిస్తాడు. కాని సందర్శకులకు రాత్రికింత అని అద్దెకిచ్చేవాడు జనవరి, ఫిబ్రవరి నెలల రాత్రి అద్దెను గుణించి ధర కడతాడు. ఈ రెండో లెక్క ముందు మొదటి లెక్క నిలబడదు. మామూలు ఇంటిని సందర్శకులకు ఇవ్వాలంటే 2018 చట్టం ప్రకారం ఏడాదికి 180 రోజులకు మించకూడదు. అంతకు మించాలంటే బసల లైసెన్సు తీసుకోవాలి.

హిరాఫు వీధిలో నడిచాము. కాలిబాట క్రింద వేడి పెట్టి మంచు కరిగిస్తున్నారు. బోర్డులన్నీ ఇంగ్లీషులోనే. ఒక బండి దగ్గర అన్నం, కూర, వేయించిన మాంసం కలిపి 3,000 యెన్‌లు! అంటే మన డబ్బు రమారమి 1,700 రూపాయలు. మేము కుచ్చాన్ పట్టణానికి తిరిగివచ్చి, స్టేషను దగ్గర చిన్న కొట్టులో నూడుల్సు తిన్నాము. కొట్టు యజమానురాలికి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. చలికాలంలో హోటళ్ళు గంటకు 2,000 యెన్‌లు ఇచ్చి గదులు ఊడ్చేవారిని పిలుచుకుంటున్నాయని, తన దగ్గర పనిచేసే పిల్ల అటే వెళ్ళిపోయిందని చెప్పింది. ఆ పిల్లను ఆమె తప్పుపట్టలేదు. "నేనైనా వెళ్ళేదాన్నే" అని నవ్వింది. అయితే వృద్ధులను చూచుకొనే పనికి, పసిపిల్లల బడికి మనుషులు దొరకడం లేదన్నప్పుడు ఆ నవ్వు లేదు. పనివారికి గదులు కూడ చాలవు. 2025లో పట్టణం ప్రక్క పొలంలో సుమారు 1,200 మంది పనివారికి ఇండ్లు కట్టే పథకం వస్తే ఊరివారు చాలామంది వద్దని సంతకాలు చేశారు. గదులు లేవని బాధ, కడతామంటే భయం. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో మాకు తోచలేదు.

పట్టణంవారు చేతులు కట్టుకొని కూర్చోలేదని కూడ చెప్పాలి. 2019 నవంబరు నుండి కుచ్చాన్‌లో బస చేసే ప్రతివారి బిల్లు మీద పన్ను వసూలు చేస్తున్నారు, మొదట పెట్టినప్పుడు అది 2 శాతం. ఇట్లా శాతం లెక్కన బస పన్ను వేసినది జపానులో వారే మొదట. ప్రక్కనున్న నిసెకో పట్టణం 2011లో తన నీటి ఊటలను, భూగర్భ జలాన్ని కాపాడుకొనే నియమాలు చేసుకుంది. నేల అమ్ముడుపోవచ్చు గాని దాని క్రింది నీరు అమ్ముడుపోకూడదన్నది వారి పట్టుదల. ఇది మాకు బాగా నచ్చింది.

ఇప్పుడు మా ప్రయాణంలో మేము ఎక్కువసేపు నిలిచిన చోటు. నిసెకో పట్టణంలో అరిషిమా తకెయో అనే రచయిత జ్ఞాపకార్థం ఒక మందిరం కలదు. ఆయన 1878లో పుట్టాడు. సప్పొరో వ్యవసాయ కళాశాలలో చదివే రోజులలో, జపాను క్రైస్తవులలో ప్రసిద్ధుడైన ఉచిమురా కాంజో ప్రభావంలోకి వచ్చి విశ్వాసి అయ్యాడు. కొన్నేళ్ళకు సంఘాన్ని విడిచిపెట్టాడు కూడ. తండ్రి నుండి ఆయనకు ఇక్కడే 400 హెక్టార్లకు పైగా పొలం సంక్రమించింది. సుమారు 70 కౌలు కుటుంబాలు ఆ మట్టిని దున్నేవి. ఆ కౌలుదారుల బ్రతుకు గురించే ఆయన 1917లో ఒక నవలిక వ్రాశాడు. దాని పేరుకు అర్థం 'కయీను సంతతి'. అప్పటికి ఆయన సంఘంలో లేడు, ఆదికాండము మాత్రం ఆయనను విడువలేదు.

1922లో ఆయన ఆ కౌలుదారులందరినీ పిలిచి పొలమంతా ఉచితంగా వారికిచ్చివేశాడు. ముక్కలు చేసి తలా ఒక చెక్క పంచలేదు. అందరూ కలిసి ఉమ్మడిగా అనుభవించాలని ఇచ్చాడు. గాలి, నీరు, నేల వంటివి మనుషులందరూ వాడుకోవలసినవే గాని ఒకరి సొంతం కాకూడదని ఆయన అభిప్రాయం. మరుసటి సంవత్సరమే ఆయన చనిపోయాడు. ఆ ఉమ్మడి వ్యవసాయం మాత్రం యుద్ధం తరువాత 1949 దాకా సాగింది. భూసంస్కరణ వచ్చి ఎవరి చెక్క వారి పేర వ్రాయడంతో ఆగిపోయింది. ఎవరి పేర వ్రాసినది వారు అమ్ముకోవచ్చు గదా! ఇంకా వెనుకకు పోతే, ఈ నేలకు ముందటి మనుషులు ఐను జాతివారు. నిసెకో అన్న పేరు వారి భాషలోనిదే. వారి దగ్గర ఎవరూ కొనలేదు, ఎవరూ ఉచితంగా ఇవ్వమని అడగనూ లేదు. 1869లో ప్రభుత్వం దీవికి హొక్కైడో అని పేరుపెట్టి నేలనంతా తన ఖాతాలో వేసుకుంది.

మేము ఇంత దూరం వెళ్ళడానికి కారణం మా అక్కగారి అబ్బాయి. టోక్యోలో మన దేశస్థులు ఎక్కువగా ఉండే నిషికసాయిలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. దుగ్గిరాల దగ్గర అక్కగారి పసుపు చేను ఎకరంన్నర అమ్మితే వచ్చిన డబ్బుతో హిరాఫులో ఒక చిన్న ఫ్లాటు కొంటానని పట్టుబట్టాడు. "బాబాయ్, ఆరు శాతం వస్తుందట, మనం కదలనక్కరలేదు, కంపెనీయే అద్దెకిస్తుంది" అన్నాడు. మన దేశంలో నివసించేవారు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు గనుక బావగారి డబ్బు పంపడానికి దారి ఉంది. దారి ఉన్నది గదా అని పంపాలా అన్నదే ఇంట్లో తగవు.

వాణ్ణి తీసుకొని ఒకరోజు యుజావాకు వెళ్ళాము. టోక్యో నుండి బులెట్ రైలులో గంటంబావు. అది కూడ మంచు ఊరే. 1980 దశకంలో ఇట్లాగే అక్కడ సుమారు 15,000 ఫ్లాట్లు కట్టారు. నిసెకోకు విదేశీయులు వచ్చినట్లు దానికి టోక్యోవారు వచ్చారు. తరువాత రావడం తగ్గించారు. నేడు అక్కడ కొన్ని ఫ్లాట్లు లక్ష యెన్‌లకు, అంటే ఒక మంచి సెల్‌ఫోను ధరకు అమ్మకానికున్నాయి. అట్లా ఎందుకంటే, మనం ఉన్నా లేకపోయినా నెలనెలా నిర్వహణ రుసుము, మరమ్మత్తుల నిధి కట్టాలి. ఏటా ఆస్తి పన్ను, సర్కారు లెక్కకట్టిన విలువలో 1.4 శాతం, తప్పదు. వద్దనుకుంటే వదిలించుకొనే దారి లేదు. జపానంతటా 2023 లెక్కల ప్రకారం 90 లక్షల ఇండ్లు ఖాళీగా ఉన్నాయి. నేలకు కరువైన దేశమని మనం చిన్నప్పుడు చదువుకున్న జపాను ఇదే.

వాడు ఆ ఆరు అంతస్తుల భవనాల వంక చాలాసేపు చూచి, "పిన్నీ, ఇవి కూడ కొన్నప్పుడు పుస్తకంలో రంగు బొమ్మలే చూపించి ఉంటారు" అన్నాడు. మరునాడు హిరాఫు అమ్మకందారునికి మూడు కాగితాలు కావాలని వ్రాశాడు: నెలవారీ రుసుముల లెక్క, మరమ్మత్తుల నిధిలో ఉన్న సొమ్ము, గడచిన మూడేళ్ళలో నిజంగా అద్దెకు పోయిన రాత్రులు. మొదటి రెండు వెంటనే వచ్చాయి. మూడవది మేము బయలుదేరేనాటికి రాలేదు.

అక్కగారు ఫోనులో ఒకటే అడిగింది, ఆ ఇల్లు కొంటే చలికాలంలో మంచు చూడడానికి మేము వెళ్ళి ఉండవచ్చా అని. కంపెనీవారి ఒప్పందం తీసి చదివాము. యజమాని ఏడాదికి ఎన్ని రోజులు ఉండవచ్చో అందులో వ్రాసి ఉంది, జనవరి, ఫిబ్రవరి అందులో లేవు. జులైలో ఉండవచ్చట. అప్పుడు అక్కడ బంగాళాదుంప పూస్తుంది.