గజపతి హంపీయాత్ర

మా చిన్నవానికి ఆరేండ్లు. వానికొక కొయ్యయేనుగు కలదు. మా అత్తగారు కొండపల్లిలో స్వయముగా బేరమాడి తెచ్చిన అంబారీయేనుగది. తెల్లపొణికి కఱ్ఱతో చేసినదగుటచే బెండువలె తేలికగా నుండును. దానిపై నుండవలసిన మావటివాడు ఎన్నడో ఊడి బీరువా క్రిందికి చేరెను. ఆ యేనుగునకు గజపతి యని పేరు పెట్టినదియు అత్తగారే. ఆమె బడికి పోయినవారు కారు. అయినను మధ్యాహ్నవేళ మేము ఆముక్తమాల్యద చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వత్తులు చేసికొనుచు వినెడివారు. రాయలవారు మన శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణుని సేవించి, కలలో నాయన యానతి పొంది ఆ కావ్యము రచించిరను ఘట్టము వచ్చినప్పుడెల్ల, "ఆయన మన దాపునకు వచ్చినాడు గదా! మనము ఒక్కసారైనా ఆయన ఊరికి పోవద్దూ?" అనెడివారు. వేసవికి పోవుదమంటిమి. రెండు వేసవులట్లే గడచినవి. పోయిన శ్రావణమున ఆమె కాలము చేసిరి.

ఇచ్చట మేము చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది. పిల్లవాడప్పుడు పినతల్లి యింట నుండెను. తిరిగివచ్చి, నానమ్మ యేదని యడిగినంతనే మా నోట వచ్చిన మాట, "యాత్రకు పోయింది" అని. బడిలో పిల్లలకు హరిశ్చంద్రుని పాఠము చెప్పు మావారును ఇంట నోరు మెదపలేకపోయిరి. నాటినుండి వాడు ప్రతిదినమును గజపతిని వీధిగుమ్మమున, మొగము త్రోవవైపు త్రిప్పి, కాపుంచుచుండెను. గుమ్మము దాటినప్పుడెల్ల ఆ కొయ్యబొమ్మ మమ్ము నిలదీయుచున్నట్లే యుండెను.

సంక్రాంతి సెలవులలో హంపికి బయలుదేరితిమి. గజపతియు మా చేతిసంచిలో బయలుదేరెను. "ఇది అన్నీ చూసి నానమ్మకు చెబుతుంది" అని వాడనెను. మావారు పరిహాసమునకై, "1515లో కొండవీడు పట్టిన పిమ్మట రాయలు కొండపల్లికి వచ్చి గజపతుల కోటను గెలిచినాడు. ఇప్పుడు కొండపల్లి గజపతి హంపికి పోవుచున్నాడు. కప్పము కట్టుటకో, కోట తిరిగి యడుగుటకో!" అనిరి. మాకు నవ్వు రాలేదు.

హోసపేటలో రైలు దిగి ఆటోలో పదమూడు కిలోమీటర్లు పోవలెను. త్రోవకిరుప్రక్కల కొండలన్నియు బండలు పేర్చినట్లుండును. అవి యెవరును పేర్చినవి కావు. ఎండవానలకు లెక్కకందని కాలము పగిలి యరిగి, నిలిచినచోటనే గుండ్లైన రాళ్ళు. పిల్లలతో పోవు సోదరీమణులకొక మాట: ఆ బండలు మధ్యాహ్నమునకే పెనములగును. నీళ్ళును, నెత్తికి గుడ్డయు మరువరాదు. మేము మరచితిమి.

మొదట గజశాల చూచితిమి. వరుసగా పదునొకండు గదులు. వానిపై గుమ్మటములు, కొన్ని నునుపైనవి, కొన్ని గాడులు తీర్చినవి. వాడు ఒక్కొక్క గది ముంగిట గజపతిని నిలిపి, చెవియొగ్గి, దాని యభిప్రాయము తెలిసికొనుచు వచ్చెను. పట్టపుటేనుగు గనుక నడిమిగదియే కావలెనట! కావలివాడు కూడ నవ్వి, ఆ గది యిప్పుడే కడిగించెదననెను. హజారరామాలయపు ప్రహరిగోడపై ఏనుగుల వరుస, గుఱ్ఱముల వరుస, భటులు, నాట్యకత్తెలు బారులు తీరి నడచుచుందురు. వాడు బొమ్మను గోడకు తగులనీయక, ఆ యేనుగుల వెంట చివరిదాక నడిపించెను. అత్తగారుండినచో లోపలి రామాయణశిల్పములకడ ప్రొద్దు క్రుంకువఱకు కదలకుండెడివారు.

సాయంకాలము విఠలాలయమునకు పోతిమి. మావారు ఏబది రూపాయల నోటు తీసి, దాని వెనుకనున్న రథమును, ఎదుటి రథమును పోల్చి చూపుచుండిరి. అది రథాకృతిలో కట్టిన గరుడాలయము. ముందు రెండు రాతియేనుగులున్నవి. బొమ్మను చేతబట్టి క్రింద కూర్చున్నవాడగుటచే మాకగపడనిది వానికగపడెను.

"అమ్మా! ఏనుగు వెనక గుఱ్ఱం తోక ఉంది!"

నిజమే. ఆ చోట తొలుత గుఱ్ఱములుండెడివి. వాని వెనుకకాళ్ళును తోకలును నేటికిని మిగిలియున్నవి. ఏనుగులు తరువాత తెచ్చి నిలిపినవి. మావారు అంతయు విప్పి చెప్పిరి.

"మరి ఆ గుఱ్ఱాలు యాత్రకు పోయాయా?"

మావారు మావైపు చూచిరి. పిమ్మట నెమ్మదిగా, "లేదు నాయనా, విరిగిపోయినవి. ఇక రావు" అనిరి. వాడు మఱేమియు నడుగలేదు.

మరునాడు ఉదయమున ఉగ్రనరసింహుని చూడబోతిమి. 1528లో కృష్ణరాయల కాలమున ప్రతిష్ఠితమైన ఏకశిలావిగ్రహమది; రమారమి ఇరువదిరెండు అడుగుల యెత్తు. స్వామి తొడపై లక్ష్మీదేవి యుండెడిది. 1565లో తళ్ళికోట యుద్ధమున ఓడిన పిదప నగరము పాడైనది; దేవియు నేడు లేదు. కాని ప్రక్కకు పోయి ఓరగా చూచినచో, స్వామి వీపున ఆమె చేయి యొక్కటి కానవచ్చును. కౌగిలించుకొన్న చేయి కౌగిలించుకొన్నట్లే యున్నది. వాడు చాలసేపు చూచి, గజపతికిని కనబడునట్లు పైకెత్తి పట్టుకొనెను. అట్లు పట్టుకొనియే, మావైపు తిరుగక, "అమ్మా, నానమ్మ కూడా ఇక రాదు కదూ?" అనెను.

"రాదు నాయనా" అంటిమి. "చచ్చిపోయింది. నీకు చెప్పలేక యాత్ర అన్నాము. తప్పు మాదే."

వాడేడ్వలేదు. చేతులు నొప్పిపుట్టువఱకు బొమ్మనట్లే యెత్తిపట్టి, పిమ్మట దింపి, దుమ్ము తుడిచి సంచిలో పెట్టెను. ఏడ్చినది ఆ రాత్రి, బసలో దీపమార్పిన పిమ్మట. మేమిద్దరమును వాని కిరుప్రక్కల పండుకొంటిమి. మావారు ఏడ్చుట చూచుట మాకును అదియే మొదలు.

ఇల్లు చేరిన మరునాడు వాడు గజపతిని గుమ్మమున నిలుపలేదు. నేలపై బోర్లపండుకొని, బీరువా క్రింద పుల్లతో కెలికి, బూజుపట్టిన మావటివానిని వెలికిదీసి, అతికించుమని మా చేతికిచ్చెను. కొండపల్లివారు వాడునది చింతగింజల జిగురే గదా యని, గుప్పెడు గింజలు వేయించి, పొట్టు తీసి, నానవేసితిమి.