కొబ్బరాకు కింద నల్లచుక్కలు

కోనసీమ అనగానే మనకు గుర్తొచ్చేది రీల్స్‌లో కనిపించే డ్రోన్ షాటే. పైనుంచి అంతా పచ్చగా, మధ్యలో ఓ కాలువ, వెనకాల ఏదో పాట. అసలు గొడవంతా ఆ ఆకుల అడుగున నడుస్తోంది. అది డ్రోన్‌కి కనపడదు, తోటలో నిలబడి తల పైకెత్తాల్సిందే.

మొన్న ఫిబ్రవరిలో రావులపాలెం దగ్గర హైవే దిగి, కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు వెళ్లాను. దారిలో కొన్ని తోటలు మసి పూసినట్టున్నాయి. మావయ్య వాళ్ల తోటలోనూ అదే పరిస్థితి. కొబ్బరి మట్టలే కాదు, కింద అంతరపంటగా వేసిన కోకో, అరటి ఆకులు కూడా నల్లబడిపోయాయి. వేలితో రాస్తే జిగురు.

"ఏంటి మావయ్యా ఇదంతా?" అంటే, "తెల్లదోమ అల్లుడూ. పైన అది కూర్చుంటుంది, కింద మనకి మసి పడతాది" అన్నారు.

ఈ దోమది మన ఊరు కాదు. మధ్య అమెరికా వైపుది. 2004లో బెలీజ్‌లో దొరికిన నమూనాలను చూసి శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. మన దేశంలో 2016లో పొల్లాచ్చి, పాలక్కాడ్ తోటల్లో బయటపడింది. ఆ తర్వాత గోదావరి జిల్లాలకూ వచ్చేసింది. ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది కాబట్టి సర్పిలాకార తెల్లదోమ అంటున్నారు. పిల్లపురుగులు ఆకు రసం పీలుస్తూ, ఒంటి నిండా తెల్లటి మైనం కప్పుకుంటాయి. అవి వదిలే తియ్యటి జిగురు కింది ఆకుల మీద పడితే, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. దీనివల్ల చెట్టు చచ్చిపోదు. కానీ ఎండ తగలని ఆకు ఏం వండుతుంది? మావయ్య ఇంట్లో కాలేజీ ఫీజు నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ దింపు డబ్బుల మీదే నడుస్తాయి. అందుకే ఆయనకి నిద్ర పట్టట్లేదు.

పురుగుమందుల షాపాయన గట్టి మందే రాసిచ్చాడు. పక్క తోట రైతు ట్యాంకర్ పెట్టి కొట్టించేశాడు కూడా. "వాళ్లు కొట్టాక మనం ఊరుకుంటే ఆ దోమంతా మన మీదకే వస్తాది కదా" అని మావయ్య భయం. చూస్తూ కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చేసేయడమే తేలిక, ఎవరికైనా.

ఆ రోజు దింపు తీసే అబ్బాయి ఓ మట్ట కోసి కింద పడేశాడు. ఫోన్‌లో మాక్రో మోడ్ పెట్టి ఆకు అడుగున చూశాను. తెల్లటి పిల్లపురుగుల మధ్యలో అక్కడక్కడా నల్లగా మారినవి ఉన్నాయి. కొన్నింటికి వీపు మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు. అది ఎన్కార్సియా గ్వాడెలూపే పని. మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి పురుగు, రైతుల భాషలో బదనిక. తెల్లదోమ పిల్ల లోపల గుడ్డు పెడుతుంది. లోపల పుట్టింది దాన్ని తినేసి, చిల్లు చేసుకుని బయటికొస్తుంది. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, దీన్ని ఎవరూ పనిగట్టుకుని తేలేదు. టికెట్ లేకుండా తనంతట తానే మన దేశానికి వచ్చేసింది.

గట్టి మందు కొడితే ముందు పోయేది ఇదే. తెల్లదోమ పిల్లలకి పైన మైనం దుప్పటి ఉంది, పైగా అంతెత్తు చెట్టు మీద ఆకు అడుగుకి మందు సరిగ్గా చేరదు. బయట తిరిగే బదనికకి ఏ దుప్పటీ లేదు. అది పోయాక దోమ మళ్లీ లేస్తుంది, ఈసారి అడ్డుకునేవాడుండడు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ శాస్త్రవేత్తలు పురుగుమందులు కొట్టొద్దని చెబుతున్నది అందుకే.

మర్నాడు అంబాజీపేటలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం గురించి తెలుసుకున్నాం. వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లది. అక్కడ డైకోక్రైసా ఆస్టర్ అనే మిత్రపురుగుని పెంచుతారు. దీనికి మేత ఏంటో తెలుసా? బియ్యం డబ్బా చాన్నాళ్లు తెరవకపోతే లోపల గూడు కట్టే పురుగుంటుందే, దాని గుడ్లు. ఇంట్లో అమ్మ తిట్టుకుంటూ ఎండబెట్టి పారబోసే పురుగుని అక్కడ నూకల్లో పనిగట్టుకుని పెంచుతారు. డైకోక్రైసా పిల్ల తెల్లదోమ గుడ్లనీ పిల్లల్నీ తింటూ, వాటి మైనం, చెత్త వీపు మీద మోసుకు తిరుగుతుంది. చూస్తే నడిచే దూదిపింజలా ఉంటుంది.

ఇంకో బదనిక గోనియోజస్. ఇది కొబ్బరిలో నల్లతల గొంగళి పురుగు కోసం. గొంగళిని కుట్టి కదలకుండా చేసి, దాని ఒంటి మీదే గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగేదాకా పక్కనే కాపలా కాస్తుంది. పురుగుల్లో ఇంత బాధ్యత గల తల్లులు తక్కువే.

ఇదంతా మంత్రం వేసినట్టు పనిచేస్తుందని చెప్పను. నెలలు పడుతుంది. ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని పిచికారీ చేసినా గాలిలో తేమ ఉంటేనే పట్టుకుంటుంది, మండే ఎండలో దండగ. మసి పోవడానికి గంజినీళ్లు కొడితే పొరలా ఎండి రాలుతుంది కానీ, దోమ ఉన్నంతకాలం మళ్లీ పడుతూనే ఉంటుంది. అన్నిటికన్నా, ఒక్క తోట ఆగితే చాలదు, పక్క తోటవాళ్లూ ఆగాలి. నన్నడిగితే ఇదే అసలు కష్టం, పురుగుల సంగతి తర్వాత.

మావయ్య షాపు చీటీ చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. "వానల దాకా చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే నన్నాపకు" అన్నారు. వానలు పడితే తెల్లదోమ ఎలాగూ కొంత తగ్గుతుంది కాబట్టి ఆయన లెక్క సరైందే.

సాయంత్రం నల్లచుక్కలు ఎక్కువున్న ఆకుల్ని ముక్కలుగా కత్తిరించి సంచిలో వేశాం. అవి బాగా పాడైన చెట్లకు కడితే, అందులోంచి బయటికొచ్చే బదనికలు అక్కడ పని మొదలుపెడతాయి. దింపు అబ్బాయి సంచి భుజాన వేసుకుని ఎక్కుతూ, "పురుగుల్ని చంపడానికి ఎక్కాను గానీ, పురుగుల్ని మొయ్యడానికి ఎక్కడం ఇదే మొదటిసారండీ బాబూ, చెట్టుకి రేటు మామూలేనా?" అని పైనుంచి అరిచాడు. మావయ్య ఇంకా బేరమాడుతున్నారు.