పిలవని స్ఫటికం

మా నాన్నగారికి ఉబ్బసం. చలికాలపు రాత్రులలో ఛాతీలో పిల్లికూతలు మొదలైతే మంచం మీద కూర్చునే తెల్లవార్చేవారు. మంచం కింద బూడిద పోసిన డబ్బా ఉండేది. కఫం పడిన ఆ బూడిదను ఉదయాన్నే పారబోయడం నా వంతు. ముక్కు మూసుకుని, విసుక్కుంటూ చేసేవాణ్ణి.

పెద్దయ్యాక ప్రోటీన్ల నిర్మాణాలపై పరిశోధనలో చేరాను. ప్రోటీను ద్రావణాన్ని గాజుపలక అడుగున చిన్న బొట్టుగా వేలాడదీసి, అందులోని నీరు మెల్లగా తగ్గేలా చేస్తాము. అదృష్టముంటే అణువులు పటికబెల్లంలా వరుస కట్టి స్ఫటికమౌతాయి. దానిపైకి ఎక్స్ కిరణాలను పంపి అణువు ఆకృతిని రాబట్టవచ్చు. నాకు నెలల తరబడి మడ్డి తప్ప మరేమీ దక్కలేదు. ఫోను చేసినప్పుడల్లా నాన్నగారు, “ఏరా, స్ఫటికం వచ్చిందా?” అని అడిగేవారు. మాటకూ మాటకూ నడుమ ఆయాసం వినబడేది.

ఆ రోజులలోనే వైఎమ్1 గురించి చదివాను. ఎలుక శరీరంలోని మాక్రోఫేజ్ కణాలు స్రవించే ప్రోటీను ఇది. కొన్ని చక్కెరలను పట్టుకొంటుంది. 2001లో తైవాన్ శాస్త్రవేత్తలు దీని స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించారు. ఎనిమిది పోగులు గాదె గోడలా గుండ్రంగా నిలిచి ఉంటాయి. ఆ గాదె లోపల, పోగుల కొసల వద్ద, చక్కెర జాడ కనబడిందని వారు వ్రాశారు. కైటిన్‌ను కోసే ఎంజైముల పోలికే; కోసే శక్తి మాత్రం లేదు.

నన్ను విస్మయపరచింది మరొకటి. వాపెక్కిన ఎలుక ఊపిరితిత్తులలో ఈ ప్రోటీను ఎవరూ బతిమాలకుండానే స్ఫటికమౌతుంది. మనుషులలో అలా స్ఫటికమయ్యేది గాలెక్టిన్-10. ఎలుకలకు ఆ జన్యువు లేదు. ఉబ్బస రోగుల కఫంలో కనబడే సూదుల వంటి ఆ స్ఫటికాలను షార్కో, లైడెన్ పందొమ్మిదవ శతాబ్దంలోనే వర్ణించారు. అవి వ్యాధికి కేవలం గుర్తులు కావని తేలడానికి చాలా కాలం పట్టింది. 2019లో గాలెక్టిన్-10తోనూ, 2024లో వైఎమ్1తోనూ ఎలుకలపై చేసిన ప్రయోగాలలో, కరిగి ఉన్న ప్రోటీను ఊరకున్నది. స్ఫటికమే వాపును రగిల్చింది. గాలెక్టిన్ స్ఫటికాలను యాంటీబాడీలతో కరిగించవచ్చునని కూడా 2019లోనే చూపారు.

అప్పటికి నాన్నగారు లేరు. నేను గాజుపలకల మీద వెదికినటువంటిది ఆయన ఛాతీలోనే పెరిగిందేమో. బూడిదతో కలిపి రోజూ నేనే పారబోశానేమో.

మూడవ ఏట నాకు స్ఫటికం వచ్చింది. ఫోనులో చెబితే, “మంచిదిరా,” అన్నారు. దగ్గు తెర వచ్చి ఆగింది. “ఎంత ఉందేమిటి?”

“ఇసుక రేణువంత, నాన్నా.”