అడ్డాకు సీమ

మాడుగుల దాటి, వంట్లమామిడి మీదుగా మెలికలు తిరుగు కనుమదారి నెక్కి, చలిగాలి చెవులు కోయుచుండగా పాడేరు సంతకు చేరిన బాటసారికి కాఫీకన్నను మిరియముకన్నను ముందుగా కంటబడునది నెత్తిన ఆకులమోపుతో నడచివచ్చు కొండ ఆడుపడుచు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమై, కచేరీలతో జీపులతో సందడి పెరిగినను, ఈ ఊరి అసలు సిరి అడవిలోనిదే; ఆ అడవిని ఆకుఆకున ఎరిగినవారు భగత, కొండదొర, వాల్మీకి, కోదు తెగల స్త్రీలు.

అడ్డతీగ మహావృక్షముల నల్లుకొని ఎగబ్రాకు లత. దాని ఆకు నడుమ చీలి ఆవుగిట్టను పోలియుండును. ఆ ఆకును కోసి, ఎండబెట్టి, ముడుతలు పోవ రాతిబరువు క్రింద నుంచి, సన్నని వెదురుపుల్లతో ఒకదానినొకటి గ్రుచ్చి వారు విస్తరి కుట్టుచుండగా చూచినచో, చేయి తిరుగుచున్నదో ఆకు తిరుగుచున్నదో తెలియదు. అడ్డపిక్కలను వేయించుకొని తినుట పిల్లల వేడుక. మైదానపు పెండ్లి పంక్తులలో మనము పప్పన్నము కలుపుకొన్నదియు, అన్నవరపు సత్యదేవుని ప్రసాదము పొట్లముగా ఒదిగినదియు ఈ యాకులోనే.

అయినను కోసినవారికి దక్కినదేమి? షావుకారు ఉప్పు కొలిచి యిచ్చి చింతపండు తూచుకొని పోవుచుండెడివాడు. ఆ తూకము సంగతి అడుగవలదు. ఆ దోపిడి నరికట్టుటకే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టినది. అది చేసిన మేలు తక్కువది కాదు. కాని కొనువారు మారినను పచ్చిసరకు పచ్చిగనే కొండ దిగుచుండెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము అటవీ ఫలసాయముపై గిరిజనులకు హక్కు నిచ్చినది. 2018లో వెలసిన వన్ ధన్ పథకము 20 మంది చొప్పున 15 సంఘములను ఒక కేంద్రముగ గూర్చి, సరకును ఊరనే బాగుచేసి అమ్ముకొను త్రోవ చూపినది. పిక్కతో నున్న చింతపండునకును, పిక్కయు ఈనెయు తీసి అచ్చుకట్టిన చింతపండునకును ధరలో గల వ్యత్యాసమే ఇచటి అర్థశాస్త్రమెల్ల. కొండచీపురును అంతే: విడిపుల్లకు లేని విలువ కట్టకు కలదు.

సాధికారత యను పెద్దమాటకు నాకు తోచిన అర్థ మొక్కటే: సంతలో కాటా ఎవరి చేత నున్నది? కొన్ని ఊళ్ల సంఘములలో అది స్త్రీల చేతికి వచ్చినది. చాలచోట్ల ఇంకను రావలసియున్నది. ఈలోగా ప్లాస్టిక్ పూసిన కాగితపు పళ్లెములు వచ్చి విస్తరి బేరమును సగము మ్రింగినవి.

ఇంట శుభకార్య మున్న పాఠకులు ఈమారు విస్తళ్లను మన్యపు సంతలో కుట్టినవారి కడనే కొనుడు. బేరము మాత్రము ఆడకుడు.