సాగనంపే ముందు

మా ముమ్మిడివరం వైపు ఎయిర్‌పోర్టు అంటే శంషాబాదే. రాజమండ్రి దగ్గర మధురపూడి ఉన్నా, కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళేవాళ్ళు చాలామంది రాత్రి బస్సెక్కి హైదరాబాద్‌లోనే దిగుతారు. 2008 మార్చికి ముందైతే బేగంపేటకి వెళ్ళేవాళ్ళు.

అక్కడ ఎవరు ఎటు వెళ్తున్నారో సాగనంపడానికి వచ్చినవాళ్ళని చూస్తే తెలిసిపోతుంది. అమెరికా వెళ్ళే పిల్లాడి చుట్టూ పదిమంది, పూతరేకుల డబ్బాలు, ఆవకాయ ప్యాకెట్లు, ఫొటోలు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడమనిషి పక్కన మహా అయితే మొగుడో, తమ్ముడో. కాగితాల సంగతీ అంతే. పిల్లాడి వీసా ఇంటిల్లిపాదీ పదిసార్లు చూస్తాం. ఆవిడ వీసా ఏజెంటు తప్ప ఎవరూ చూడరు.

మా వీధిలో నాకు పిన్ని వరసయ్యే ఆవిడ రెండుసార్లు కువైట్ వెళ్ళొచ్చింది. "దిగిన రోజే పాస్‌పోర్టు పుచ్చేసుకున్నారే అమ్మాయ్. ఇంటి దగ్గరున్న జిరాక్సే నాకు దిక్కయింది" అంటుంది.

పదో తరగతి పాసవని వాళ్ళకి సాధారణంగా ఇసిఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దాంతో గల్ఫ్ సహా 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికైతే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి. జీతం, పని రాసిన ఒప్పందం, 10 లక్షల ప్రమాద బీమా కూడా ఉండాలి. ఇదంతా ఆవిడ మేలుకే. ఈ తిప్పలెందుకని కొందరు ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి, "వెళ్ళాక మార్పిస్తాం" అంటారు. ఆ వీసా మీద అక్కడ పనిచేయడం నేరం. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా నోరెత్తి అడగడానికి భయం.

మనం నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళం. మన వీధిలోంచి ఎవరైనా వెళ్తుంటే ఓ గంట కూర్చుని ఆ కాగితాలు చదివి పెడదాం. వీసా మీద పని అని ఉందా, విజిట్ అని ఉందా? ఒప్పందంలో జీతమెంత? యజమాని పేరు, ఫోన్ నంబరు ఏమిటి? ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్సు ఉందా? అన్నీ జిరాక్సు తీయించి ఒక కట్ట ఆవిడ ఇంట్లో దాయిద్దాం. అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు ఆవిడకి నోటికొచ్చేదాకా చెప్పిద్దాం. ఫోను లాక్కున్నా నోట్లో ఉన్న నంబరు ఎవరూ లాక్కోలేరు కదా!