ముల్లు కదలని తొమ్మిది వారాలు



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "మేడమ్, కులం గురించి రాస్తూ రాస్తూ మధ్యలో ఈ పరుగు గోలేంటి?" గోల కాదు తమ్ముడూ. చెప్తాను.

ఆర్నెల్లుగా హాఫ్ మారథాన్‌కి తయారవుతున్నాను. కర్నూల్లో కేసీ కెనాల్ గట్టు వెంబడి వారానికి 40 కిలోమీటర్లు. 84 కిలోలతో మొదలుపెట్టి నాలుగు నెలల్లో 76కి దిగాను. అక్కడ ఆగింది. తొమ్మిది వారాలుగా అక్కడే. పరుగు పెంచినా ముల్లు కదల్లేదు. దీన్ని ప్లేటో అంటారట. గ్రీకు ప్లేటో కాదు, బరువు తగ్గడం ఆగిపోయే దశ.

మా రన్నింగ్ గ్రూపులో ఒక పెద్దాయన తేల్చేశాడు: "డిసిప్లిన్ పోయిందని అర్థం మేడమ్. రాత్రి భోజనం కట్ చేయండి." స్టాఫ్‌రూమ్‌లో ఇంకొకాయన నవ్వుతూ, "పెద్దకూర మానేస్తే అదే దిగుతుంది" అన్నాడు. నేను పెద్దకూర తిని రెండు నెలలైంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? డిసిప్లిన్ అన్న మాట వింటే నాకు మెరిట్ అన్న మాటే వినబడుతుంది. రెండూ అంకె చూసి మనిషి గుణం తేల్చేసే మాటలే.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది? పరుగులో కిలోమీటరుకి, ఒంటి బరువు ప్రతి కిలోకి, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 84 కిలోలప్పుడు పది కిలోమీటర్లకి 840. ఇప్పుడు అదే దూరానికి 760. ఒళ్లు తేలికైన కొద్దీ ఖర్చు తగ్గుతుంది. ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు కూడా తగ్గుతుంది. పైగా సాధన పెరిగితే కండరాలు గ్లైకోజెన్ ఎక్కువ దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీళ్లు చేరతాయి. కొవ్వు తగ్గుతున్నా ఆ నీళ్ల బరువు దాన్ని కప్పేస్తుంది. ఈ తొమ్మిది వారాల్లోనే నా పది కిలోమీటర్ల టైమ్ 78 నిమిషాల నుంచి 71కి వచ్చింది. ముల్లుకి ఆ సంగతి తెలియదు.

టాంజానియాలో వేట, సేకరణ మీద బతికే హద్జా ప్రజల మీద హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ఒక అధ్యయనం అచ్చు వేసింది. రోజూ మైళ్లు నడిచే ఆ మనుషుల మొత్తం రోజువారీ ఖర్చు, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చునే అమెరికన్లతో దాదాపు సమానం. ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఒళ్లు ఇంకోచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన.

ఇంకా పాతది మిన్నెసోటా ప్రయోగం. 1944-45లో ఏన్సెల్ కీస్ 36 మంది యువకుల్ని ఆర్నెల్లు అరకడుపుతో ఉంచాడు. వాళ్లు వారానికి 35 కిలోమీటర్లు నడవాలి. బరువు నాలుగో వంతు పోయింది. విశ్రాంతిలో ఒళ్లు ఖర్చు చేసే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. చివరి వారాల్లో, అంత తక్కువ తింటూ కూడా, బరువు దిగడం దాదాపు ఆగింది. వాళ్ల డిసిప్లిన్ పోయిందా?

ఇక్కడే నాకు మా అవ్వ గుర్తొస్తుంది. నేను షూస్ వేసుకుంటుంటే "ఎవురు తరుముకుంటాండారమ్మే నిన్ను?" అంటుంది. ధాత కరువు గురించి, పెద్దల దగ్గర విన్నదే అయినా, తను చూసినట్టే చెప్తుంది. అది 1876-78 కరువు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు శవాల దిబ్బలయ్యాయి. 1877లో వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలి తగ్గించాడు. ఎండలో రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడమనిషికి ఇంకా తక్కువ. అది చాలదు, కనీసం పౌనున్నర కావాలి, పప్పూ కూరగాయలూ ఉండాలి అని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. ఆ పనుల్లో మట్టి మోసింది ఎవరో మీకు చెప్పాలా? కూలి తప్ప సెంటు భూమి లేనివాళ్లు.

తక్కువ తిండికి ఒళ్లు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చూపించి, చూశారా చాలుతోంది కదా అంటాడు పైవాడు. కూలి దగ్గరా అంతే, హాస్టల్ మెస్ చార్జీల దగ్గరా అంతే. మన ఒంట్లో కరువు జన్యువులున్నాయనే వాట్సాప్ సైన్స్ నేను చెప్పను. మిన్నెసోటా తెల్ల కుర్రాళ్ల ఒళ్లూ ఇదే చేసింది. తేడా ఏంటంటే వాళ్లకి ఆర్నెల్ల తర్వాత తిండి పెట్టారు.

గ్రూపు పెద్దాయన సలహా నేను తీసుకోలేదు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, పప్పు, ఊరిబిండి అలాగే ఉన్నాయి. నా బాధ వేరే. డిగ్రీ చదివే ఒక హాస్టల్ చెల్లి కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి పరిగెడుతోంది. బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని ఎవరో చెప్పారట. రాత్రి తిండి మానేసింది. నెల రోజులు బరువు దిగి ఆగింది. ఆగేసరికి పొద్దున టిఫిన్ కూడా మానేసింది. టైమింగ్ రాలేదు సరికదా ఇంకా నెమ్మదించింది. మూడు నెలలుగా నెలసరి లేదని నా దగ్గర కూర్చుని ఏడ్చింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పరుగుకి సరిపడా తినకపోతే ఎముకలు కూడా దెబ్బతింటాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ పరిస్థితికి ఒక పేరు కూడా పెట్టారు. మన హాస్టల్ పిల్లలకి ఆ పేరు చెప్పినవాళ్లు లేరు. "ఇంకా తగ్గు" అన్నవాళ్లే ఉన్నారు.

ఇప్పుడు తను మూడు పూటలా తింటోంది. ఈవెంట్స్‌కి పరిగెత్తే పిల్లలకి పొద్దున అదనంగా గుడ్డు, పాలు, పల్లీలు ఇవ్వాలని అర్జీ రాశాం. 23 సంతకాలయ్యాయి. వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తాం. కర్నూల్లో ఉన్నవాళ్లు పదింటికి గేటు దగ్గరికి రండి. టిఫిన్ చేసి రండి.